ఆగిన సేపు

లిబ్రాదో శవం ఉన్న పేటికను స్మశానానికి తీసుకువెళ్లాక, అది ఉంచిన చోటే నేల మీద దోన్ తాచో సున్నంతో సిలువ పోశాడు. మా ఊరు ఓర్నోస్ వియేహోస్‌లో ఎవరు పోయినా అంతే. ఒళ్లు మట్టిలోకి వెళ్లినా మనిషి నీడ ఇంకా ఇంట్లోనే తచ్చాడుతూ ఉంటుందంటారు. తొమ్మిది సాయంత్రాలు ఆ సిలువ చుట్టూ కూర్చుని జపమాల చెప్పాలి. ఆఖరి సాయంత్రం సిలువ తల, చేతులు, కాళ్లు వరసగా ఎత్తి, ఆ సున్నాన్ని చిన్న పెట్టెలోకి తీసి సమాధిలో కలపాలి. అప్పుడు గాని పోయినవాడు పోయినట్టు కాదు. దోన్ తాచో ఆ సిలువకి పెద్దదిక్కు. పోసినవాడే ఎత్తాలి.

లిబ్రాదో భార్య కూకా నాకు కొమాద్రే. నా కూతురు యదీరాకి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఒళ్లో పట్టుకున్న జ్ఞానతల్లి, దాని మద్రినా, ఆమే. ఆ రోజు నుంచి నేను ఆమెకి, ఆమె నాకు కొమాద్రే. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. వాళ్లింట్లో చిక్కుళ్లు అడుగంటితే మాకే ముందు వాసన వస్తుంది. వీధిలో ఎవరు పోయినా జపమాల చెప్పించేది నేనే. మా అమ్మ చెప్పించేది, ఆమె తర్వాత అది నా మీద పడింది. గొప్ప గొంతేం కాదు. వరస తప్పను, అంతే.

మొదటి రెండు సాయంత్రాలూ మా వీధివాళ్లం, లిబ్రాదో పని చేసిన సారా భట్టీ నుంచి నలుగురైదుగురు వచ్చారు. కూకా మట్టికుండలో దాల్చినచెక్క, బెల్లం వేసి కాఫీ కాచింది. తీపి రొట్టెలు పంచింది. జపమాలకి వచ్చినవాళ్లని ఎందుకొచ్చావని అడగరు, ఏమీ పెట్టకుండా పంపరు.

ఆ మర్నాడు సాయంత్రం గుమ్మంలో ఒక జంట నిలబడింది. ఎండకి ముక్కులు ఎర్రబడి ఉన్నాయి. మెడలో భట్టీ చూడటానికి వెళ్లేవాళ్లకిచ్చే కాగితపు పట్టీలున్నాయి. దారి తప్పారేమో అనుకున్నాను. కూకా లేచి కుర్చీలు వేసింది. వాళ్లు బుద్ధిగా కూర్చున్నారు. మేము "అతని కోసం వేడుకో" అన్నప్పుడల్లా వాళ్లూ పెదాలు కదిపారు. వెళ్లేటప్పుడు అతను చుట్టూ చూసి, "ఈ ఇల్లు ఎవరిదండీ?" అని అడిగాడు.

"మీదే బాబూ," అంది కూకా.

మా వైపు ఎవరినడిగినా అదే జవాబు. తన ఇంటిని ఎదుటివాడి ముందు నాదనడం మర్యాద కాదు. అతను భార్య వైపు తిరిగి ఏదో అన్నాడు. ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

తర్వాతి సాయంత్రం అలాంటివాళ్లు గదిలో సగం ఉన్నారు. ఆ పై రోజు మా వీధి ఆడవాళ్లు పెరట్లో నిలబడి జపమాల చెప్పారు, లోపల చోటు లేక. నేను సిలువ దగ్గర మోకాళ్ల మీద ఉండి వరస చెబుతుంటే, వెనక ఎవరో నా గొంతుని ఫోన్‌లో పట్టుకుంటున్నారు.

ఇంటికి వచ్చేసరికి యదీరా వంటింట్లో నిలబడి తింటోంది. అది పురపాలక భవనం పై అంతస్తులో పని చేస్తుంది. అక్కడ గోడ నిండా తెరలు. ఊళ్లో ఏ వీధిలో ఎంత జనం ఉన్నారో వాటి మీద కనబడుతుంది. మా ఊరిని తెలివైన ఊరు అని పేరు పెట్టి గవర్నరు రిబ్బను కత్తిరించిన రోజున నేను కూడా కొత్త జాకెట్టు వేసుకుని వెళ్లాను.

"మీ మద్రినా ఇంటికి ఇవాళ ఎంతమంది వచ్చారో తెలుసా?" అన్నాను.

"తెలుసు," అంది తలెత్తకుండా. "మన వీధి తెర మీద ఎర్రగా ఉంది."

"ఎర్రగా ఉంటే?"

"జనం ఆగుతున్నారని. దీపస్తంభాల మీద తెల్ల డబ్బాలు ఉన్నాయి కదా, అవి కింద ఆగిన ఫోన్లని లెక్కపెడతాయి. ఎంతసేపు ఆగాయో కూడా. చర్చి ముందు ఎవరాగుతారు చెప్పు? ఒక ఫొటో, ఒక ఐస్, పోతారు. మద్రినా ఇంట్లో గంటకి పైన కూర్చుంటున్నారు. ఊరు మొత్తం మీద అంతసేపు ఆగే చోటు ఇంకోటి లేదు. అందుకని యాత్రికుల ఫోన్లలో బాణం ఇటు చూపిస్తోంది. వాళ్లొచ్చి వాళ్లూ ఆగుతున్నారు. ఇంకా ఎర్రగా అవుతోంది."

"అక్కడ మనిషి పోయాడే."

"దానికి చావు తెలీదమ్మా. ఆగిన సేపు తెలుసు."

"నీకు తెలుసు కదా. తీసెయ్."

"నేనక్కడ ఏం చేస్తాననుకుంటున్నావ్? తెర ఆరిపోతే ఫోన్ చేస్తాను. మిగతాదంతా అదే చేసుకుంటుంది. దాన్ని తయారుచేసినవాళ్లు గ్వాదలహారాలో ఉంటారు. నా పేరు కూడా వాళ్లకి తెలీదు." కంచం సింకులో పెట్టి, "పైగా అది మద్రినాని అడిగిందట. ఆవిడ సరేనంది," అంది.

వెంటనే గోడ అవతలికి వెళ్లాను. కూకా కుండలు తోముకుంటోంది. చేతులు తుడుచుకుని ఫోన్ వెతికి ఇచ్చింది. నిజమే. లిబ్రాదోని పూడ్చిన మర్నాడు సందేశం వచ్చింది, పేరు లేని నంబరు నుంచి. "శుభోదయం. మీ దగ్గర సాయంత్రం సమావేశం ఇంకా కొన్నాళ్లు ఉంటుందా? ఎవరైనా రావచ్చా?" అని ఉంది. దాని కింద కూకా ఒక్కో అక్షరం నొక్కి రాసిన జవాబు: "ఉంటుంది. తొమ్మిది రోజులు. ఇది మీ ఇల్లే, ఎప్పుడైనా రండి. దేవుడు చల్లగా చూడాలి."

"మొంతెర్రేలో లిబ్రాదో తమ్ముడి పిల్లలనుకున్నాను కొమాద్రే," అంది. "ఎప్పుడూ నంబర్లు మారుస్తుంటారు. రావచ్చా అని అడిగితే ఏమంటాం? వద్దంటామా?"

"అనం," అన్నాను. నేనైనా అదే రాసేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పర్యటన కార్యాలయానికి వెళ్లాం. కూకా నల్లబట్టల్లో, దువ్విన తలతో, పెళ్లికి వెళ్లినంత శుభ్రంగా వచ్చింది. లోపలున్న కుర్రాడు లేచి నిలబడి కుర్చీలు చూపించాడు. గ్లాసుల్లో నీళ్లిచ్చాడు. సంతాపం చెప్పాడు. మంచి పెంపకం. అంతా విని కంప్యూటర్ తన వైపు తిప్పుకున్నాడు.

"కష్టమేం లేదు దోన్యా కూకా. యజమాని అడిగితే స్థలాన్ని మూసినట్టు చూపిస్తాం. మీ స్థలం ఏ రకం? భోజనశాల, మ్యూజియం, భట్టీ, చేతిపనులు."

"ఇల్లు బాబూ."

అతను పైకి కిందికి వెతికాడు. "ఇల్లు లేదు."

"ఇల్లు లేకపోవడమేమిటి?" అన్నాను. "ఇప్పుడే అక్కడి నుంచి వచ్చాం."

"జాబితాలో లేదండీ. తెరిచినట్టు నమోదైన స్థలాన్నే మూయగలం. మీది తెరిచినట్టు నమోదు కాలేదు. జనమే కనిపెట్టిన స్థలం అని ఉంది. దానికి యజమాని ఉండడు."

"నేనున్నాను కదా," అంది కూకా మెల్లగా.

"ఉన్నారు. మిషనుకి లేరు." అతను నిజంగానే బాధపడ్డాడు, మెడ వెనక గోక్కున్నాడు. "ఒక దారుంది. ముందు చేతిపనుల కొట్టుగా నమోదు చేయించండి. పన్నుల ఆఫీసు నుంచి కాగితం, అగ్నిమాపకం వాళ్ల నుంచి కాగితం. రెండు మూడు వారాల్లో వస్తాయి. కొట్టు తెరిచారంటే, ఆ వెంటనే మూసెయ్యొచ్చు."

"రెండు మూడు వారాలకి మావాడు సమాధిలో కుదురుకుని ఉంటాడు," అన్నాను.

కూకా లేచి, వాళ్లమ్మ ఎలా ఉందని అడిగి, మోకాలి నొప్పికి ఏం రాయాలో చెప్పి, బయటికి వచ్చాక అంది: "ఆ అబ్బాయి తప్పేం లేదు కొమాద్రే. నీళ్లిచ్చాడు కదా."

మాకు తోచినవన్నీ చేశాం. చావుకి గుర్తుగా గుమ్మం మీద కట్టిన నల్లగుడ్డ ముడిని తీసి, బల్ల మీద పరిచే గుడ్డంత పెద్దది కట్టాం. దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. మా వీధి ఆడవాళ్లందరినీ ఫోన్లు ఇంట్లో పెట్టి రమ్మన్నాను. ఆ డబ్బాలకి కన్ను కూడా ఉంది, తలలు లెక్కపెడుతుంది అంది యదీరా. తలలు ఎక్కడ పెట్టి రావాలి? పొద్దు ఉండగానే మొదలుపెట్టాం. ఆ రోజు పల్చగానే వచ్చారు, మర్నాటికి బాణం కూడా పెందలాడే వచ్చేసింది.

"తలుపు గడియ పెట్టేద్దాం," అన్నాను కూకాతో.

"జపమాల జరిగే ఇంటికి గడియా? ముప్పై ఏళ్లు కాపురం చేసినవాణ్ణి దొంగసరుకులా సాగనంపమంటావా?"

"మరి వీళ్లకి కాఫీలైనా మానెయ్. కాఫీ ఇస్తే ఇంకాసేపు కూర్చుంటారు."

"గుమ్మంలోకి వచ్చినవాళ్లకి కాఫీ ఇవ్వకపోతే ఆయన ఊరుకుంటాడా? ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, చూస్తుంటాడు."

దోన్ తాచో టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. "ఇది తమాషా కాదండీ, చావు ఇల్లు," అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. చెప్పిన ప్రతివాళ్లూ మొహం గంభీరంగా పెట్టి, అతన్ని కావలించుకుని, "మా సానుభూతి" అని లోపలికి వచ్చారు. చావు అని తెలిశాక గుమ్మంలోంచి వెనక్కి తిరిగిపోవడం బావుండదని వాళ్లకీ తోచింది.

"లూచా," అన్నాడు నాతో, గోడకి జారబడి. "తిట్టినవాణ్ణి కొట్టగలం. కావలించుకున్నవాణ్ణి ఏం చేస్తాం?"

అక్కడే వచ్చింది చిక్కు. వాళ్లు చెడ్డవాళ్లయితే సులువుగా ఉండేది. ఒకావిడ, ఏ ఊరో అడగలేదు, జపమాల మధ్యలో భోరుమని ఏడ్చింది. వాళ్ల నాన్న ఆసుపత్రిలో పోతే ఎవరూ ఇలా కూర్చోలేదట. కూకా తన ఏడుపు ఆపుకుని ఆమె వీపు నిమిరింది. ఆమె వెళుతూ గుమ్మంలోనే ఫోన్‌లో ఏదో రాసింది. యదీరా తర్వాత చదివి వినిపించింది. నా జీవితంలో చూసినవాటిలో అత్యంత నిజమైనది, తప్పక వెళ్లండి అని.

కూకాకి ఒక్కటే దిగులు. ఆఖరి సాయంత్రం సవ్యంగా జరిగితే చాలు. "నా మాట ఎలా ఉన్నా, ఆయన వెళ్లిపోవాలి కొమాద్రే," అనేది. "బతికున్నన్నాళ్లూ వేడి భట్టీ ముందు నిలబడ్డాడు. సారా కాచే కిత్తనార దుంపలు ఉడికీ ఉడక్కుండా తీయనిచ్చేవాడు కాదు. ఇప్పుడైనా ఎక్కడో చల్లటిచోట కూర్చోనీ."

ఆ సాయంత్రం రానే వచ్చింది. మేము తెల్ల లిల్లీలు, కొత్త కొవ్వొత్తులు, సున్నం ఎత్తడానికి పావురం రెక్క, పెట్టె సిద్ధం చేసుకున్నాం. పొద్దు వాలకముందే వీధి మొదటిదాకా జనం. ఒకడు ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని, వెనక ఒక బస్సెడు మందిని నడిపించుకొచ్చాడు. గదిలో గాలి లేదు. సిలువకి నాలుగు వైపులా నాలుగు కొవ్వొత్తులు, వాటి వెనకే బూట్లు, చెప్పులు, బూట్లు.

జపమాల ముగించాను. దోన్ తాచో కష్టపడి మోకాళ్ల మీద కూర్చున్నాడు. సిలువ ఎత్తేటప్పుడు పాడే పాటలో మొదటి చరణం ఎత్తుకున్నాను. అతను పావురం రెక్కతో సిలువ తలని పళ్లెంలోకి ఊడ్చాడు. వెనకున్నవాళ్లకి కనబడలేదు. గుమ్మంలో వాళ్లు ముందుకి వంగారు, వాళ్ల వెనకవాళ్లు వాళ్ల మీదికి వంగారు. ఎవరో తోశారని చెప్పలేను. ఒక కొవ్వొత్తి పడింది. ఎవరి లంగా అంచుకో అంటుకోబోయిందని అరుపు. మంటకి జడిసి అందరూ ఒక్కసారి పక్కకి జరిగారు. జరగడానికి ఖాళీ ఉన్న చోటు గదిలో ఒక్కటే.

మంట ఆరింది. ఎవరికీ ఏమీ కాలేదు. "క్షమించండి, క్షమించండి," అని నాలుగైదు గొంతులు. కిందికి చూశాను. సిలువ లేదు. తెల్లటి మరకలు, మడమల గుర్తులు.

దోన్ తాచో రెక్క పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఎవరూ కదలకండి," అంది కూకా.

ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆమె బట్టలు దులిపే కుంచె తెచ్చి, పళ్లెం పట్టుకుని నేల మీద కూర్చుంది. ఎదురుగా ఉన్న మనిషి చీలమండ పట్టుకుని కాలు పైకెత్తమని సైగ చేసింది. అతను ఎత్తాడు. అడుగు దులిపింది. సున్నం పళ్లెంలో పడింది. రెండో కాలు. తర్వాత పక్కనున్నామె.

వాళ్లకి అర్థం కాలేదు. ఇది కూడా ఇందులో భాగమనుకున్నారు. కాలు దులిపించుకున్నవాళ్లు ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకుని దారి ఇచ్చారు. వెనకున్నవాళ్లు తమ వంతు కోసం వరస కట్టారు. అసలు సిలువని తొక్కనివాళ్లు కూడా చెప్పులు విప్పి పట్టుకున్నారు. గొడుగువాడు టోపీ తీశాడు. ఫోన్లు మాత్రం పైకెత్తి ఉన్నాయి. కూకా అందరి కాళ్లూ దులిపింది. నేను పక్కన కూర్చుని పళ్లెం పట్టుకున్నాను. చరణం పాడాలో మానాలో తెలియలేదు, పాడాను.

అప్పటికే బయటికి వెళ్లినవాళ్లు ఉన్నారు. గుమ్మం దాటి చూస్తే రాళ్లు పరిచిన వీధి పొడవునా తెల్లటి అడుగులు, పల్చబడుతూ, బస్సులు ఆగేచోటి వైపు. కూకా చీపురు తీసుకుని వాటి వెంట కొంతదూరం నడిచింది. మూల మలుపు దగ్గర ఆగి వెనక్కి వచ్చింది.

పళ్లెంలో ముందు ఎత్తిన సిలువ తల మాత్రమే తెల్లగా ఉంది. మిగతాది వీధి దుమ్ము, గడ్డిపోచ, ఎవరి చూయింగ్ గమ్మో.

"ఇది సరిపోతుందా తాచో?" అని అడిగింది.

దోన్ తాచో ముసలి కళ్లు తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "తల ఉంది. చేతులు లేని సిలువని ఎలా ఎత్తను? మళ్లీ పోయాలి. మళ్లీ మొదటి నుంచి తొమ్మిది."

ఫాదర్ దగ్గరికి వెళ్లాం. దేవుడు సున్నం కోసం ఎదురుచూడడమ్మా, మీ ఆయన ఎప్పుడో చేరిపోయాడు అన్నారాయన. కూకా ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుని వచ్చేసింది. "ఫాదర్ చదువుకున్నాయన," అంది దారిలో. "ఆయన రాత్రుళ్లు మా ఇంట్లో పడుకోడు కదా. వంటింట్లో కుర్చీ జరిగిన చప్పుడు నేను వింటున్నాను."

మళ్లీ మొదలుపెట్టాలంటే మళ్లీ జనం వస్తారు. కూకా కాళ్లు దులిపిన వీడియోలు అప్పటికి ఎక్కడెక్కడికో వెళ్లాయి. మర్నాడు జపమాల లేకపోయినా పొద్దు వాలేసరికి గుమ్మంలో ముప్పైమంది. నిన్నటిని బట్టి ఇవాళ కూడా ఉంటుందని మిషను లెక్క కట్టిందట.

"ఇది పోవాలంటే ఒక్కటే దారి," అంది యదీరా. మా వంటింట్లో నేను, కూకా, దోన్ తాచో కూర్చుని దాని మొహంలోకి చూస్తున్నాం. "అక్కడ ఎవరూ ఆగకూడదు. రోజూ కాస్త కాస్త ఎరుపు తగ్గి పసుపు అవుతుంది, తర్వాత ఏమీ ఉండదు. అదే మరిచిపోతుంది. అప్పుడు సిలువ పోసుకుని నిమ్మళంగా చెప్పుకోవచ్చు."

"ఎవరూ అంటే?"

"ఎవరూ. మనం కూడా. లోపల దీపం కనబడకూడదు, మాటలు వినబడకూడదు. నలుగురు పోగైతే వాళ్లని చూసి నలుగురు ఆగుతారు."

"ఎన్నాళ్లు తల్లీ?" అంది కూకా.

"నాకు తెలిస్తే చెప్పనా మద్రినా?"

దోన్ తాచో బల్ల మీద వేలితో గీతలు గీశాడు. "మొగుడు పోయిన ఆడదాని గడప ఎవరూ తొక్కొద్దనా నువ్వనేది?"

"నేననడం లేదు," అంది యదీరా. "నేనేం అనడం లేదు."

కూకాయే లేచి దాని తల నిమిరింది. అలాగే చేద్దాం అంది.

ఆ సాయంత్రం నుంచి ఆమె ఇంటికి ఎవరం వెళ్లలేదు. పొద్దున నేను పెరటి గోడ మీంచి అన్నం గిన్నె అందిస్తాను, ఆమె ఖాళీ గిన్నె అందిస్తుంది. వీధిలో ఎదురైనా ఆగి మాట్లాడుకోం. పొద్దు వాలితే ఆమె తలుపు మూసి, దీపం ఆర్పి కూర్చుంటుంది. మా వీధివాళ్లు అటు చూడకుండా నడుస్తారు. ఇంతకాలంలో ఆ ఇంటిని అలా చూడటం మొదటిసారి. యాత్రికులు వస్తారు, తలుపు తడతారు, కిటికీలోకి తొంగిచూస్తారు, కాసేపటికి పోతారు. రోజురోజుకీ తగ్గుతున్నారు. మన వీధి నారింజ రంగులోకి వచ్చిందని యదీరా చెప్పింది. దాని మొహంలో చాన్నాళ్లకి నవ్వు చూశాను.

గోడకి చెవి ఆనిస్తే నాకు అవతలి మాట వినిపిస్తుంది. కూకా చీకట్లో జపమాల చెప్పుకుంటోంది, బాగా తగ్గు గొంతుతో. చెప్పించేవాళ్ల మాటా తనే, జవాబూ తనే. "ప్రభువా, అతనికి నిత్య విశ్రాంతినివ్వు." ఊపిరి తీసుకుని, "నిత్యమైన వెలుగు అతని మీద ప్రకాశించుగాక." నేను ఇవతల మంచం మీద కూర్చుని జవాబు చెబుతాను. ఆమెకి వినబడదు. పైకి అనను కదా.

నిన్న అలా చెబుతుండగా వాన పట్టుకుంది. మా వానలు తెలిసినవే, ఒక్కసారిగా వీధి కాలువైపోతుంది. ఎవరో పరుగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు. కూకా తలుపు తట్టారు. ఆమె గొంతు ఆగింది. మళ్లీ తట్టారు. మొగగొంతు ఏదో అంది, పసిపిల్ల ఏడుపు వినిపించింది. నేను గోడ మీద అరచెయ్యి ఆనించాను. యదీరా పక్కగదిలోంచి వచ్చి నిలబడింది. వద్దు మద్రినా, వద్దు అంటోంది, లోగొంతుకలో, నాకు మాత్రమే వినబడేట్టు.

గడియ తీసిన చప్పుడైంది. అవతల నుంచి కూకా మాట, మామూలు గొంతుతో: "లోపలికి రండి, తడిసిపోతున్నారు." కుర్చీలు జరిగాయి. స్విచ్ టక్కుమంది. ఆమె కిటికీలోంచి వెలుగు వీధిలో వాన నీళ్ల మీద పడింది. ఇంకెవరో అటు పరుగెత్తారు, వాళ్ల వెనక ఇంకో ఇద్దరు.

వాన తగ్గేదాకా వాళ్లు లేవలేదు.